కూలారా ఇంటి గడప

చింతపండు కొట్టే మనిషిని ఆ ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మునీశ్వరి హాలు వారగా గోనెపట్ట పరుచుకుని కూర్చుంది. ఒక్కో కాయను రాతి మీద పెట్టి, చిన్న సుత్తితో కొట్టి, గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు వేస్తోంది. ఎదురుగా గోడ మీది టీవీలో ఆస్ట్రేలియా కనబడుతోంది. సోఫాలో ముగ్గురు, టీవీ పక్కన ఒకడు ఉన్నారు. ఆ నలుగురూ అమ్మబోతున్నది ఆమె పొలాన్ని.

టీవీ ముందు నిలబడి మాట్లాడుతున్నవాడు హరీష్. మునీశ్వరి ఆడబిడ్డ రాజేశ్వరమ్మకు అల్లుడు, మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. నెల సెలవు పెట్టి భార్య చాందినితో మదనపల్లెకు వచ్చాడు. వచ్చిన మూడో రోజు నుంచి ఈ ఇంట్లో అన్నం పళ్ళెం ముందు కూడా పొలం అమ్మి అక్కడ ఇల్లు కొనే సంగతే.

"సిటీలో మనకు అందదు మామా. ఇప్పుడు తెలివైనోళ్ళంతా చిన్న టౌన్లే సూస్తాండారు. నేను మూడు ఊర్లు వడపోసి పెట్టినాను" అన్నాడు హరీష్, ఫోను మీద వేలు జరుపుతూ.

మొదటిది సముద్రం పక్క ఊరు. చూడ్డానికి బాగుంది. ధర ఎక్కువ, బాడుగ తక్కువ అని పక్కన పెట్టేశాడు. రెండోది గోధుమలు పండే ఊరు. అది పెరగడానికి పదేళ్ళు పడుతుందన్నాడు. మూడో ఊరు వచ్చేసరికి అతని గొంతు మారింది. బజారులో బట్టల దుకాణం వాడు అసలు అమ్మదలచుకున్న చీర చివర్న విప్పుతాడే, అచ్చం అట్లాగే విప్పాడు.

"ఇది కూలారా. బొగ్గు గని ఉండాది. పనిచేసేవాళ్ళకు ఇండ్లు సాలడం లేదు. బాడుగ ముందు రెండు ఊర్లకు రెండింతలు. ఈ ఇల్లు సూడండి, నాలుగు రూములు, వెనక తోట. ఓనరు అర్జెంటుగా అమ్ముతాండాడు."

మునీశ్వరి సుత్తి ఆగింది. "ఆ గని ఎన్నాళ్ళు ఉంటాదంట?"

అందరూ ఒకసారి ఆమె వైపు చూశారు. హరీష్ నవ్వాడు. "అది ఆస్ట్రేలియా గని అత్తా. మీ కుప్పం గని కాదు."

రాజేశ్వరమ్మ కూడా నవ్వింది. కుప్పానికి అవతల బంగారు గని క్వార్టర్సులో పుట్టి పెరిగిన మునీశ్వరిని, కోడలై వచ్చిన ఈ ఇరవై ఆరేళ్ళలో ఆమె పేరు పెట్టి పిలిచింది తక్కువ. గని పిల్ల అనే పిలుస్తుంది. పిల్ల తలలో ఇప్పుడు తెల్లవెంట్రుకలు వచ్చాయి.

"మన గని పిల్లకు గనుల గురించి బాగా తెలుసప్పా" అంది రాజేశ్వరమ్మ. "మూసేసినాక ఎట్లుంటాదో ఇంకా బాగా తెలుసు."

"సరే, అత్తనే అడుగుదాం. చేను ఆమెది కదా" అన్నాడు హరీష్, చిన్నపిల్లను పాట పాడమన్నట్టు. "చెప్పత్తా, మూడిట్లో నీకు ఏ ఊరు నచ్చింది?"

మునీశ్వరి నోరు తెరిచేలోగా సోఫా చివర్నుంచి జవాబు వచ్చేసింది. "ఆమెకేం తెలుసు. కూలారానే కానీ." అన్నది ఆమె భర్త గోపాలస్వామి.

గోపాలస్వామికి టమోటా మండీ ఉంది. మదనపల్లె మార్కెట్టులో అతని చెయ్యి అందరికీ తెలుసు. వేలం పాట పాడే ముందు క్రేటులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు కాయ ఒకటి పైకి లాగి, బొటనవేలితో నొక్కి చూస్తాడు. పైన పేర్చిన ఎర్రటి కాయలకు అతను ఏనాడూ పడిపోలేదు. అలాంటి మనిషి ఆ రోజు టీవీ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. అల్లుడి మీద నమ్మకం కాబోలని మునీశ్వరి అనుకుంది.

బయటి దేశం వాళ్ళను అక్కడ పాత ఇళ్ళు కొననివ్వడం లేదు కాబట్టి ఇల్లు హరీష్ పేరున ఉంటుంది. వీళ్ళకు ఒక కాగితం రాసిస్తాడు. పుంగనూరు ఊరి బయటున్న మునీశ్వరి రెండెకరాలకు పాల వ్యాపారి రంగప్ప అప్పటికే అడ్వాన్సు ఇచ్చాడు. శుక్రవారం రిజిస్ట్రేషను. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి తేలిపోయాయి. అసలు దస్తావేజు కుప్పం అవతల ఆమె తల్లి పెట్టెలో ఉంది కాబట్టి, దాన్ని తేవడానికి మాత్రం మునీశ్వరి కావలసి వచ్చింది.

"రేపు పొద్దున్నే పో. బిన్నా వచ్చేయాల, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు గోపాలస్వామి.

మునీశ్వరి గింజలు చేటలోకి ఎత్తుకుని లేచింది. "ఆ ఇంటి ఫోటోలు నా ఫోనుకు పంపు పాపా. మాయమ్మకు సూపిస్తా" అంది చాందినితో. సాయంత్రమంతా ఒక్క మాటా మాట్లాడని చాందిని, మొగుడి వైపు ఒకసారి చూసి, తల వంచుకుని పంపింది.

*

బస్సు పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి పదకొండు అయింది. అక్కడి నుంచి ఆటోలో గని ఊరు. దూరం నుంచే గని మీది ఇనుప చట్రం తుప్పు పట్టి కనబడుతుంది. దాని కింద వరసలు వరసలుగా కంపెనీ క్వార్టర్సు. గని మూసిన ఏడాది లోపలే వాటి కప్పు రేకులు పోయాయి. తరువాత కిటికీలు, తలుపులు పోయాయి. ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారు. మునీశ్వరి తండ్రి తిమ్మప్ప కూడా తాము ఖాళీ చేసిన పాత క్వార్టరు తలుపు ఊడదీసుకుని పోయి, పుంగనూరు చేలో మోటారు గదికి పెట్టాడు. అప్పటికే అతను నాలుగు అడుగులు వేస్తే దగ్గేవాడు. ఇరవై ఏడేళ్ళు రాతి దుమ్ము పీల్చినందుకు కంపెనీ చివర్లో ఇచ్చిన డబ్బంతా ఆ రెండెకరాల్లో పెట్టాడు. కొడుకు లేడు కాబట్టి కూతురి పేరున రాయించాడు. ఆ చేలో రెండు పంటలు చూసి పోయాడు.

తల్లి వెంకటమ్మ ఇంకా ఆఖరి వరసలోనే ఉంటోంది. ట్యాంకరు నీళ్ళు పట్టిన బిందె గడప లోపలికి జరుపుతూ, కూతురు చెప్పిందంతా విన్నది.

"అమ్మి ఏం కొంటారంట?"

"ఆస్ట్రేలియాలో ఇల్లు. గని ఉండే ఊర్లో."

వెంకటమ్మ బిందె వదిలి నడుము నిలబెట్టుకుంది. "గని ఊర్లో ఇల్లా" అంది. నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "స్టోర్సులో ఉండె కదా చెంగల్రాయుడు, ఆయప్ప కూడా కొన్యాడు, గేటుకు ఎదురుగా. గని మూతబడే ముందు సమ్మచ్చరం. అమ్మినోనికి ముందే తెలుసు. చెంగల్రాయుడికి తెల్దు. ఆపైన ఆయప్ప పదేండ్లు బోర్డు పెట్టినాడు, ఎవురన్నా కొంటారేమో అని. ఇప్పుడు ఆ ఇంట్లో మేకలుండాయి."

పెట్టె తెరిచి, చీరల అడుగునుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఇవ్వడానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నీకు ఇష్టమేనా?"

"నన్ను ఎవురూ అడగల్యా."

"రిజిస్ట్రారు ఆఫీసులో అడుగుతారు. ఆ చేను మనకు అమ్మిన సరస్వతమ్మ గ్యాపకం ఉండాదా? ఆయమ్మ కొడుకు ముందు పడి, మాయమ్మకు ఇష్టమే సార్ అన్యాడు. ఆఫీసరు ఒప్పుకోల్యా. నువ్వు కాదు, ఆమె నోటితో ఆమె చెప్పాల అన్యాడు. ఆయమ్మ చెప్పినాకనే కదా మనకు చేను వచ్చింది." వెంకటమ్మ కవరు కూతురి చేతిలో పెట్టింది. "అన్నం తినిపో."

తిని, రెండు గంటలప్పుడు ఆటో కోసం బయలుదేరింది. పాత వరసల మధ్యనుంచి దగ్గర దారి. తలుపులు లేని ఇళ్ళలో తుమ్మచెట్లు మొలిచాయి. తాము ఉండిన క్వార్టరు దగ్గర ఆమె కాళ్ళు వాటంతట అవే ఆగాయి. తలుపు పోయింది గానీ ద్వారబంధం ఉంది. కంపెనీ వేసిన ఆకుపచ్చ రంగు అక్కడక్కడా మిగిలి ఉంది. దాని మీద, మనిషి భుజం ఎత్తులో, పసుపు మరక. పండగ పండగకూ తల్లి రాసిన పసుపు చెక్కలోకి దిగిపోయింది. ఇరవై నాలుగేళ్ళ వానలు దాన్ని కడగలేకపోయాయి. మూడు బొట్లు ఇటు, మూడు బొట్లు అటు.

మునీశ్వరి వేలితో తాకింది. తాకిన వేలు అక్కడే ఉండగా ఆమెకు ఏదో తట్టింది. సంచిలోంచి ఫోను తీసి కూలారా ఇంటి ఫోటోలు తెరిచింది. వంటగది, పడకగది, తోట. నాలుగో ఫోటోలో వీధి వాకిలి. తెల్లరంగు వేసిన ద్వారబంధం. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఎండకు అద్దం మెరుస్తుంటే కొంగు అడ్డం పెట్టి చూసింది.

కుడిపక్క మూడు, ఎడమపక్క మూడు. ఎవరో సబ్బు పెట్టి తోమారు. కానీ తెల్లరంగు మీద పసుపు పోదు, వెలిసి మరింత తెలిసిపోతుంది. ఒకదాని మధ్యలో కుంకుమ చుక్క కూడా మిగిలింది. పైన రెండు మూలలా రెండు మేకులు, మామిడాకుల తోరణం కట్టేవి.

అర్జెంటుగా అమ్ముతున్న ఆ ఓనరు ఎవరో మునీశ్వరికి అప్పుడు తెలిసింది.

*

గురువారం పొద్దున చాందిని మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే మునీశ్వరి వెనకాలే వెళ్ళి ఫోను చూపించింది.

"ఈ పసుపు ఎవురు పెట్టింది పాపా?"

చాందిని చేతిలోని తడి చొక్కా తీగ మీద పడకుండా కింద పడింది. వంగి తీసి, దాన్ని మళ్ళీ పిండింది. పిండడానికి అందులో నీళ్ళు లేవు.

"నేనే అత్తా" అంది చివరికి. "నాలుగేండ్లయింది. పాలు పొంగించి, గడపకు పసుపు పెట్టినాము. రెండేండ్లు బాడుగ బాగా వచ్చింది. ఇప్పుడు గని మూసేస్తామని చెప్పేసినారు. ఇంట్లో ఉండేవాళ్ళు ఖాళీ చేసి ఏడు నెలలు. ఆ వీధిలో పదకొండు ఇండ్లకు బోర్డులుండాయి, ఒక్కటీ పోలేదు. బ్యాంకువాళ్ళు మేముండే ఇల్లు కూడా తీసుకుంటారంట."

"అందుకని నాకు అంటగడతాండారు."

"ఆ మరకలు పోవాలని రెండు తూర్లు తోమినా అత్తా. పోలేదు. ఆ ఫోటో తియ్యొద్దంటే ఆయన వినలేదు, ఎవరికి తెలుస్తాదిలే అన్నాడు." చాందిని ఏడవడం మొదలుపెట్టింది. మునీశ్వరికి ఆ పిల్ల మీద జాలి కలిగింది. ఆ జాలి మెట్లు దిగేలోపు అయిపోయింది.

నేరుగా మార్కెట్టుకు పోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె మండీకి పోయింది నాలుగైదుసార్లకు మించదు. గోపాలస్వామి నడుము వంచి క్రేటులో చెయ్యి దూర్చి ఉన్నాడు. చుట్టూ టమోటా కుళ్ళిన పుల్లటి వాసన, లారీల హారన్లు. అతన్ని పక్కకు పిలిచి ఫోను ముందు పెట్టింది. ఈ మోసం చూస్తే అల్లుడి మీద మండిపడతాడు, ఇప్పుడే ఇంటికి పరిగెత్తుతాడు అనుకుంది. దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చింది.

గోపాలస్వామి ఫోటో చూసి, ఫోను తిరిగి ఇచ్చేశాడు. చేతికంటిన టమోటా రసం పంచెకు తుడుచుకున్నాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అది వాళ్ళ ఇల్లేనని. గని సంగతీ తెలుసు. అక్క వచ్చి కాళ్ళు పట్టుకునింది. అల్లుడు వీధిన పడితే చాందిని బతుకేం కావాల?"

టీవీ ముందు చేతులు కట్టుకుని అతను ఎందుకు కూర్చున్నాడో మునీశ్వరికి ఇప్పుడు అర్థమైంది. అడుగు కాయ కుళ్ళిందని ముందే తెలిసినవాడు క్రేటులో చెయ్యి పెట్టి చూడడు.

"నీ అక్క కోసం నీ మండీ అమ్ము."

"మండీ అమ్మితే తినేదేంది? ఆ చేను ఊరికే ఉండేదే కదా." అతను గొంతు తగ్గించాడు, చుట్టూ హమాలీలు ఉన్నారని. "నీకు మాత్రం ఎవురుండారు మునీశ్వరీ? బిడ్డా పాపా ఏమన్నా ఉండారా? మన తర్వాత అదంతా చాందిని బిడ్డలదే కదా. అదేదో ఇప్పుడే ఇచ్చినట్టు అనుకో."

ఆ మాట అతను ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు. అతని అక్క అనేది, ఊరివాళ్ళు అనేవాళ్ళు, అతను మాత్రం అనలేదని మునీశ్వరి ఇన్నేళ్ళు లోపల లోపల గర్వపడేది. ఇప్పుడు అనేశాడు. అది కూడా పొలం కోసం. ఆమెకు ఏడుపు రాలేదు. ఎదుటి మనిషి మీద అసహ్యం పుట్టింది, అంతే. అది తన మొగుడి మీద పుట్టినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఇచ్చేదైతే నన్ను అడగాల కదా" అంది. "ఊర్లు సూపించేదెందుకు, టీవీ పెట్టేదెందుకు?"

"అడిగితే ఇస్తావా నువ్వు?"

అవతల ఎవరో పాట మొదలైందని పిలిచారు. గోపాలస్వామి వెళ్ళి తరువాతి క్రేటులో చెయ్యి దూర్చాడు.

*

శుక్రవారం అందరూ ఒకే కారులో పుంగనూరు పోయారు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసేవాడి గదిలో మునీశ్వరి అడిగిన చోటల్లా సంతకం చేసింది. పేజీ తిప్పినప్పుడల్లా హరీష్ వేలు పెట్టి చోటు చూపించాడు. గోపాలస్వామి నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప అతను ఆమెకు మూత తీసి ఇచ్చింది లేదు. రంగప్ప, బోరులో నీళ్ళు ఎండాకాలం కూడా వస్తాయా అని మూడోసారి అడిగాడు. వస్తాయని చెప్పింది. అది నిజమే.

రాజేశ్వరమ్మ ఆమె పక్కన కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది. "మంచి పని చేస్తాండావు మునీశ్వరీ" అంది. పేరు పెట్టి పిలిచింది.

లోపల ఆఫీసరు బల్ల ముందు వేలిముద్ర తీసే చిన్న మిషను, అందులో ఎర్ర లైటు. వేలు పెడితే పని అయిపోతుంది. ఆఫీసరు కాగితాలు తిప్పి, తలెత్తకుండానే అడిగాడు.

"అమ్మేది మీరేనా? ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా?"

"ఇష్టమే సార్" అన్నాడు గోపాలస్వామి.

"చేను మా అత్తదే సార్, ఫుల్ ఇష్టంతోనే" అన్నాడు హరీష్.

ఆఫీసరు అప్పుడు తలెత్తాడు. "మిమ్మల్ని కాదు. ఆమెను చెప్పనివ్వండి."

నాలుగు రోజుల్లో మునీశ్వరిని ఆ మాట అడిగిన మగవాడు అతనొక్కడే. ఆమె బొటనవేలిని కొంగులో చుట్టుకుంది.

"లేదు సార్. నాకు ఇష్టం లేదు."

"సంతకాలు చేశారు కదా?"

"చేసినా సార్. ఆడ ఎవురూ అడగల్యా. మీరు అడుగుతారని ఈడిదాకా వచ్చినా."

ఆఫీసరు ఆమెను ఒక క్షణం చూసి, కాగితాలు పక్కన పెట్టి, తరువాతి వాళ్ళను పిలవమన్నాడు. ఇంత పెద్ద సంగతి అక్కడ అంత చిన్నగా అయిపోయింది.

బయట వేపచెట్టు కింద రంగప్ప తన అడ్వాన్సు తనకు సాయంత్రం లోపల కావాలని గోపాలస్వామి మీద ఎగిరాడు. రాజేశ్వరమ్మ మళ్ళీ గని పిల్ల అనడం మొదలుపెట్టింది. వంశం లేని మనిషికి ఎవరి కాపురం కూలితేనేం అంది. గోపాలస్వామి అటు తిరిగి నిలబడ్డాడు. చాందిని కారు దిగలేదు. అద్దం వెనకనుంచి మునీశ్వరినే చూస్తూ ఉంది.

హరీష్ దగ్గరికి వచ్చాడు. ముఖంలో నవ్వు పోయింది. "మమ్మల్ని ముంచేసినావు అత్తా. మేమేం చేసినాం నీకు?"

"నువ్వు నన్ను ఒక మాట అడిగితివి కదప్పా, ఏ ఊరు నచ్చిందని" అంది మునీశ్వరి. "ఆ పొద్దు జవాబు చెప్పనియ్యల్యా మీ మామ. ఇప్పుడు చెప్తాండా. నాకు పుంగనూరు నచ్చింది. నా దుడ్డు ఈడే ఉంటాది."

"ఇంటికి ఎట్ల వస్తావో సూస్తా" అన్నాడు గోపాలస్వామి, అటు తిరిగే.

మునీశ్వరి దస్తావేజు కవరు సంచిలో పెట్టుకుని రోడ్డు దాటింది. మూలమీది అంగట్లో పసుపు పొట్లం ఒకటి, కుంకుమ పొట్లం ఒకటి కొన్నది. ఊరి బయటికి పోయే ఆటో ఎక్కి చేను దగ్గర దిగింది. గట్టు మీద మోటారు గది. ఎప్పుడు చూసినా అది గదిలాగే ఉండేది, ఎవరూ దాన్ని ఇల్లు అనుకోలేదు. తలుపు మాత్రం గని క్వార్టరుది, ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. ద్వారబంధం ఇక్కడే చేయించినది, దాని మీద ఇన్నేళ్ళలో ఒక్క బొట్టూ పడలేదు.

పైపు తిప్పి, అరచేతిలో పసుపు కలుపుకుంది. మిషను మీద పెట్టని ఆ బొటనవేలితోనే కుడిపక్క మూడు బొట్లు, ఎడమపక్క మూడు బొట్లు పెట్టింది. ఒక్కోదాని మధ్యలో కుంకుమ అద్దింది. తరువాత తాళం తీసి, లోపల పడుకోవడానికి ఎంత చోటు ఉందో చూసుకుని, చీపురు అందుకుంది.